పొగగొట్టంలో గోనెసంచి కుక్కిన రోజు

ముప్ఫై ఏళ్లకు పైగా నేను పురుగుల మందు వాసనతోనే ఇంటికి వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టగానే "ముందుగాల తానం, తర్వాత ముచ్చట" అనేది మా ఆవిడ. చెదలు, బొద్దింకలు, నల్లులు, గోదాముల్లో ఎలుకలు. ఇదీ నా ఉద్యోగం. తుక్కుగూడ, మహేశ్వరం వైపు వెంచర్లు లేచినన్నాళ్లూ ఇళ్ల పునాదుల్లో చెదల మందు పోస్తూ తిరిగాం.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు మంచి సూట్లున్నాయి, ముఖానికి మంచి జాలీలున్నాయి. సగం పని ఫోన్‌లో చూసి నేర్చుకుని మరీ వస్తున్నారు. వాళ్లు నన్ను కూర్చోబెట్టి ఏదైనా ఒక అనుభవం చెప్పమంటే నేను గెలిచిన కేసులు చెప్పను. అవి చెప్పుకోవడానికి బాగుంటాయి గానీ వినేవాడికి పనికిరావు. ఇబ్రహీంపట్నంలో ఒక ఇంటి పొగగొట్టం సంగతి చెబుతాను. అందులో తప్పు నాది, దెబ్బ ఇంకొకరిది. పేర్లు రాయను. వాళ్లంతా ఇక్కడిక్కడే ఉన్నారు.

ముందు నా జోడీ గురించి చెప్పాలి. మా కంపెనీలో ఏ పనికైనా ఇద్దరిని కలిపి పంపేవారు. నాతో వచ్చేవాడు నాకంటే ఐదేళ్లు పెద్ద, బాలాపూర్ మనిషి. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. మాట తక్కువ. ఆదివారం చర్చిలో పాడే గొంతు మిగతా ఆరు రోజులూ పెద్దగా వినపడేది కాదు. ఆయన సంచిలో ఒక స్టీలు గ్లాసు ఉండేది. దాని మూతిని తలుపు చెక్కకో గోడకో ఆనించి, అడుగున చెవి పెట్టి, చెదలు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పేవాడు. కొత్త సూపర్‌వైజర్లు నవ్వేవారు. చెక్క విప్పి చూశాక నవ్వు ఆపేవారు.

ఆ ఏడు దీపావళి వెళ్లిన రెండు వారాలకు ఒకామె కంపెనీకి ఫోన్ చేసింది. వంటింటి గోడ చెమరుస్తోందనీ, వాసన వస్తోందనీ, లోపల ఏదో ఉందనీ చెప్పిందట. గోడలో ఎలుక చచ్చి ఉంటుందని మా మేనేజరు మమ్మల్ని పంపాడు.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఊరు దాటాక ప్లాట్ల హద్దురాళ్ల మధ్యలోంచి మట్టి బాట, దాని చివర పాత మిద్దె ఇల్లు. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. ఆమెకు యాభై ఉంటాయి. భర్త పోయి ఏడాది కావస్తోంది. ఇంటి వెనక పొలంలో బెండ, వంకాయ పండించి, తెల్లవారకముందే ఆటోలో మార్కెట్‌కు తానే పంపిస్తుంది. దేనికీ బెదిరే మనిషిలా కనిపించలేదు. అందుకే ఆమె చెప్పిన మాటలకు నాకు మరింత ఒళ్లు జలదరించింది.

వంటింట్లో ఒకప్పుడు కట్టెల పొయ్యి ఉండేది. పొగ పోవడానికి గోడలోనే ఇటుకలతో మిద్దె పైదాకా గొట్టం కట్టారు. మనిషి దూరేంత వెడల్పు, పైన మూతి మాత్రం ఇరుకు. ఆమె భర్త ఆ పొయ్యి తీయించి గ్యాస్ పెట్టించాడు. పొయ్యి మీది ఖాళీకి ప్లైవుడ్ చెక్క కొట్టి, పైన సిమెంటు పూసి, రంగు వేయించాడు. గ్యాస్ పొయ్యి మీద కరెంటు చిమ్నీ బిగించి, దాని పైపును పాత గొట్టంలోకే వదిలాడు. అంతా దగ్గరుండి చేయించుకున్నాడు. మూడు నెలలకు గుండె ఆగి పోయాడు.

సిమెంటు పూసిన ఆ చోట మరక ఉంది. అంచు తేనెరంగు, మధ్యలో నలుపు. కింద వెడల్పు, పైకి వచ్చేసరికి సన్నం, ఆ పైన గుండ్రం. చెమట పట్టిన మనిషి గోడకు వీపు ఆనించి కూర్చుని లేచి వెళ్లినట్టుంది. ముక్కు దగ్గర పెడితే నిలవ మాంసం వాసన.

"మొన్నటి దాంక భుజాలే ఉండె. ఇయ్యాల పొద్దుగాల చూస్తే తలకాయ గూడ వచ్చింది" అందామె, పాలు పొంగాయని చెప్పినంత మామూలుగా.

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. అప్పుడు వినిపించింది. పక్క గదిలో పదిమంది తలుపు వేసుకుని గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే మాటలు తెలియవు, హోరు తెలుస్తుంది చూడండి. అలా. గోడలోంచి.

"నేను మాట్లాడితే ఊకుంటది. నేను ఊకుంటే మళ్ల షురువైతది" అంది.

నిజమే. నేను గోడ మీద వేలితో తట్టాను. హోరు టక్కున ఆగింది. వంటింట్లో మేం ముగ్గురమూ ఊపిరి బిగబట్టాం. నాలుగు క్షణాలకు మళ్లీ మొదలైంది, ఈసారి కొంచెం గట్టిగా, కొంచెం దగ్గరగా.

అన్న తన స్టీలు గ్లాసు తీసి మరక పక్కన ఆనించాడు. చాలాసేపు విన్నాడు.

"కందిరీగలు. మస్తున్నయి" అన్నాడు. గ్లాసు తీయకుండానే నన్ను పిలిచాడు. "ఇటు రా తమ్మీ. రెండు సప్పుళ్ళున్నయి. ఒకటి రెక్కలది. ఇంకొకటి ఏందో చూడు."

నేను విన్నాను. హోరు వెనక, ఎండిన అట్ట మీద గోళ్లతో గీకినట్టు చప్పుడు. వందల గోళ్లు ఒకేసారి గీకి, ఒకేసారి ఆగి, మళ్లీ ఒకేసారి గీకుతున్నాయి. 

"ఎలుకలుంటయి" అన్నాను.

"కందిరీగలున్న కాడ ఎలుకలుంటయా?" అన్నాడాయన. అది ఏమిటో ఆయనకూ తెలియలేదు.

బయటికొచ్చి మిద్దె పైకి చూశాం. పొగగొట్టం మూతి దగ్గర అవి వస్తూ పోతూ ఉన్నాయి. తేనెటీగల్లా గుంపుగా కాదు, ఒక్కొక్కటే, పని మీద వచ్చినట్టు. బొటనవేలి కణుపంత పొడవు, నల్లటి ఒళ్లు, పొట్ట మీద పసుపు పట్టీ. అలాంటివి నాలుగు కుడితే ఎదిగిన మనిషి పడిపోతాడు.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి, కొత్తవాళ్లు వినండి. పొగగొట్టంలో కందిరీగల తుట్టె ఉంటే కింద మంట పెట్టకూడదు, కిరసనాయిలు పోయకూడదు, వాటి దారి మూయకూడదు. దారి మూస్తే అవి చావవు, ఇంకో దారి వెతుకుతాయి. కింద ఇంట్లోకి ఉన్న సందులన్నీ ముందు బిగించి, చల్లగా ఉన్న తెల్లవారుజామున పైనుంచి పొడిమందు కొట్టాలి. ఒక పగలూ ఒక రాత్రీ దాన్ని వదిలేయాలి. అంతే. ఇది నాకు ఆ రోజుకే తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇది రాసేవాణ్ని కాదు.

పొడిమందు వ్యానులో లేదు. సూటు ఒక్కటే ఉంది. మందూ, ఇంకో సూటూ తుక్కుగూడ స్టోరు నుంచి తేవాలని అన్న బయలుదేరాడు.

"నేను వచ్చిందాంక దాన్ని ముట్టకు. కింద సందులు చూసి టేపు వెయ్యి" అని చెప్పి వెళ్లాడు.

ఆయన వెళ్లాక ఆమె నాకు టీ ఇచ్చి ఎదురుగా నిలబడింది.

"అన్నా, ఎల్లుండి మా ఆయన ఏడాది. రేపటి సంది అందరు వస్తరు. గీ వంటింట్లనే వండాలె."

"ఎట్లయితదక్కా? రెండు మూడు రోజులు పడ్తది."

"వంట గురించి గాదు." ఆమె గొంతు తగ్గించింది. "మొన్న మా ఆడిబిడ్డ వచ్చి గీ సప్పుడు విన్నది. మా అన్న పోలేదు, ఇంట్లనే ఉన్నడు, నీతోని ఏదో చెప్తున్నడు అని ఒకటే ఏడ్పు. ఊర్ల నలుగురికి చెప్పింది. ఎల్లుండి అందరి ముందల గోడ మాట్లాడిందనుకో, నా బతుకేం గావాలె? ఒక్క రెండు రోజులు దాని నోరు మూసేటట్టు చూడు."

నేను లేదన్నాను. ఆమె బతిమాలలేదు. లోపలికి వెళ్లి రెండు గోనెసంచులు తెచ్చి నా ముందు పెట్టింది. పెట్టి, నా ముఖంలోకి చూస్తూ ఊరుకుంది. బతిమాలితే తట్టుకునేవాణ్ని.

సూటు తొడుక్కుని నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాను. సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. సంచులు తడిపి, ముద్దగా చుట్టి, పొగగొట్టంలో మోచేతి లోతున కుక్కాను. రెండు మూడు నా జాలీకి కొట్టుకుని టపటపలాడాయి. అంతే. లోపల హోరు ఒక్కసారి లావైంది, బావిలో మోటారు వేసినట్టు. తర్వాత తగ్గింది. నేను గొప్ప పని చేసినవాడిలా కిందికి దిగాను. వంటింట్లో నిశ్శబ్దం. ఆమె చేతులు జోడించింది.

చీకటి పడుతుండగా అన్న వచ్చాడు. మందు దొరికింది, రెండో సూటు వేరేవాళ్లు తీసుకెళ్లారట. వ్యాను దిగుతూనే తలెత్తి చూశాడు. పొలాల మీది నుంచి గూటికి వచ్చిన కందిరీగలు లోపలికి పోలేక పొగగొట్టం చుట్టూ నల్లగా ముసురుకుని ఉన్నాయి.

"ఏం చేసినవ్ తమ్మీ?"

"రెండు రోజులకే అన్నా. అక్క పరేషాన్ అయితున్నదని..."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇప్పుడు తీయడానికి లేదు. బయటియి అన్ని కోపం మీదున్నయి. తెల్లారంగ చల్లటి పొద్దు తీద్దాం" అన్నాడు. టేపు నేను సరిగా వేయలేదు, మళ్లీ తనే వేశాడు. కరెంటు చిమ్నీ జాలీకి, పైపు అతుకుకు, కిటికీ సందుకు. వంటింటి తలుపు దగ్గరికి లాగి, కింద తడిబట్ట పెట్టించాడు.

"అక్కా, ఏమైనా గానీ ఈ తలుపు తీయకు. ఇయ్యాల ఎవలింట్లనన్న పండుకుంటే మంచిది."

"నా ఇల్లు విడిచి నేనెక్కడికి పోత? తీయనులే" అంది.

ఒక్క చోటు మేమిద్దరమూ వదిలేశాం. మరక. అది గోడ అనుకున్నాం. వెనక తడికి ఉబ్బి మెత్తబడిన ప్లైవుడ్ ఉందనీ, కందిరీగలు చెక్కను కొరికి నమిలే తుట్టె కడతాయనీ ఇద్దరికీ తెలుసు. తెలిసిన రెండు సంగతులను ఒక దగ్గర పెట్టుకోలేదు.

అన్న ఆ రాత్రి ఇబ్రహీంపట్నంలోని మా ఇంట్లోనే ఉన్నాడు. తెల్లవారకముందే నన్ను లేపాడు. బయట పొగమంచు. మిద్దె ఎక్కేది నేనే కాబట్టి సూటు ఇంటి దగ్గరే తొడుక్కున్నాను. వ్యాను మట్టిబాట మీద నెమ్మదిగా పోతుంటే ఎదురుగా ఇల్లు కనిపించలేదు, ఒక వెలుగు మాత్రం కనిపించింది. అది వంటింటి కిటికీ.

"లైటెందుకున్నది?" అన్నాడు అన్న.

ముందు తలుపు తెరిచే ఉంది. పిలిచాం, పలకలేదు. వంటింటి తలుపు జానెడు తెరుచుకుని ఉంది. ట్యూబ్‌లైటుకు ఏవో కొట్టుకుంటున్న చప్పుడు, గాజు మీద చింతగింజలు విసిరినట్టు.

నేను ముందున్నాను. తలుపు తోశాను.

మరకకు తల ఉన్న చోట చిల్లు పడింది. పిడికిలి పట్టేంత. అంచులు నమిలినట్టు నూగునూగుగా ఉన్నాయి. అందులోంచి కందిరీగలు ఒకదాని వెనక ఒకటి నడిచి వస్తున్నాయి. ఎగరడం లేదు, నడుస్తున్నాయి. గోడంతా కదులుతోంది. ట్యూబ్‌లైటు నల్లగా కప్పుకుపోయి గది సగం చీకటిగా ఉంది. ఆమె గోడకు ఎదురుగా నిలబడి ఉంది. జుట్టులో నాలుగైదు, భుజం మీద కొంగులో ఇంకొన్ని. ఒక్కటీ కుట్టలేదు. ఆమె కదలడం లేదు, పెదాలు మాత్రం ఆడుతున్నాయి.

"వచ్చినవా? ఎంత సేపాయె పిలవవట్టి..." అంటోంది, మాతో కాదు, ఆ చిల్లుతో.

నాకు ఒంటి మీద సూటు ఉంది. చేతికి తొడుగులు, ముఖానికి జాలీ. నేను రెండడుగులు వేసి ఆమె చేయి పట్టుకుని తేవాలి. నా కాళ్లు రాలేదు. ఇప్పటికీ దానికి నాకు వేరే మాట దొరకలేదు. రాలేదు, అంతే.

వెనకనుంచి అన్న నన్ను పక్కకు జరిపాడు. మంచం మీది చెద్దరు ఆయన చేతిలో ఉంది. మామూలు చొక్కా, మామూలు లుంగీ. ముందు స్విచ్ నొక్కి లైటు ఆర్పాడు. వంటింటికి పెరటివైపు ఉన్న తలుపు దాకా మెల్లగా నడిచి వెళ్లి గడియ తీశాడు. బయటి తెల్లటి మంచు వెలుగు లోపలికి వచ్చింది, కొన్ని అటు తిరిగాయి. అప్పుడు ఆమె మీద చెద్దరు కప్పాడు.

చెద్దరు తగలగానే ఆమెకు మెలకువ వచ్చినట్టయింది. కేక పెట్టింది. ఆ కేకతో గది మొత్తం లేచింది.

ఆయన ఆమెను తన ఒంటికి ఆనించుకుని పెరట్లోకి తీసుకెళ్లాడు. పరుగెత్తలేదు. నేను అప్పుడు కదిలాను. లోపలికి దూకి తలుపులు రెండూ మూశాను, సూటు మీద అవి వడగళ్లలా కొట్టుకుంటుండగా. బయటికొచ్చి చూస్తే ఆమెకు రెండే కుట్టాయి, చేతి మీద. ఆయనకు మెడ మీద, చెవుల వెనక, తల మీద. పదకొండు అని దవాఖానలో నర్సు చెప్పింది.

వ్యాను నేనే నడిపాను. ఇద్దరూ వెనక కూర్చున్నారు. దారిలో అద్దంలో చూస్తే ఆయన ముఖం ఆయనది కాదు. పెదాలు వాచి తిరగబడ్డాయి, కళ్లు రెండు గీతలయ్యాయి. ఊపిరి ఈల వేస్తోంది. ఆమె ఆయన వీపు నిమురుతూ "జర ఓర్చుకో అన్నా, వచ్చింది, దవాఖాన వచ్చింది" అంటూనే ఉంది. ఇంకా సగం దారి ఉంది.

డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి ఆక్సిజన్ పెట్టాడు. మధ్యాహ్నానికి ఊపిరి నిలబడింది. ఆ డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు: "బతికిండు. కానీ ఇంక ఈ పని వద్దు. మళ్లోసారి ఒక్కటి కుట్టినా ప్రాణం మీదికి రావచ్చు."

ఆయనకు చేతనైన పని అదొక్కటే.

మా మేనేజరు సాయంత్రం వచ్చాడు. పొగగొట్టం చూసే వచ్చాడు. మంచం దగ్గర నిలబడి అడిగాడు:

"గోనెసంచి ఎవరు కుక్కిన్రు?"

పక్క మంచం మీద ఆమె పడుకుని ఉంది. నేను మంచం కాళ్ల దగ్గర ఉన్నాను. నోరు తెరిచాను కూడా. అన్నకు మాట రావడం లేదు. చెయ్యి ఎత్తి, వేలితో తన గుండె మీద పొడుచుకున్నాడు. నేనే అని.

మేనేజరు నా వైపు చూశాడు. నేను తెరిచిన నోరు మూశాను.

ఏడాది కార్యం ఆమె మరిది ఇంట్లో జరిగింది. అది అయిన మర్నాడు నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను, ఈసారి ఒక్కణ్నే. తెల్లవారుజామున వస్తే ఆమె తాళంతో గేటు దగ్గర నిలబడి ఉంది. చేతికి కట్టు.

"నువ్వు లోపలికి రాకు అక్కా. మరిది ఇంటికే పో" అన్నాను. బాట మొదట్లో ఉన్న హద్దురాయి దాకా వెళ్లి, దాని మీద కూర్చుని చూసింది.

ఆ రోజు పని వివరం చెప్పి మిమ్మల్ని విసిగించను. చిల్లుకు రేకు కొట్టాను, చుట్టూ మూడు వరసల టేపు వేశాను. చలికి పైన కాపలావి కూడా ముడుచుకుని ఉన్నాయి. ఎర్ర వెలుగు వాటికి ఆనదు కాబట్టి టార్చికి ఎర్ర కాగితం చుట్టి, మెల్లగా సంచులు లాగాను. సన్నటి పైపుతో పొడిమందు లోపలికి ఊదాను. దిగి, తాళం వేసి, ఒక పగలూ ఒక రాత్రీ అటు ఎవరినీ పోనివ్వలేదు.

మరుసటి పొద్దున మూతి దగ్గర ఒక్కటీ ఎగరడం లేదు. మిద్దె మీద చచ్చినవి ఊడిస్తే రెండు చాటలు. తాడుకు కొక్కెం కట్టి తుట్టెను వదులు చేసి, కింద చెక్క విప్పి లోపలి నుంచి దించాను. నీళ్ల బిందె కంటే పెద్దది. పైన గోధుమరంగు, తెలుపు చారలు, ఎవరో కాగితాన్ని అలలు అలలుగా అతికించినట్టు. ముట్టుకుంటే అంత తేలిక. ఇంత అందమైన వస్తువు ఆ నల్లటి మసి గొట్టంలో ఎవరూ చూడకుండా పెరిగింది.

దాన్ని వంటింటి నేల మీద పెట్టాను. ఆమె ఎప్పుడు వచ్చిందో తలుపు దగ్గర నిలబడి ఉంది.

"సచ్చినయా అన్ని?"

"సచ్చినయి అక్కా."

అప్పుడు తుట్టెలోంచి చప్పుడు వచ్చింది. గర్ర్. ఆగింది. గర్ర్. అదే, అట్ట మీద గోళ్లు. ఒకేసారి, ఒకేసారి. ఆమె చేయి తలుపు చెక్కను పట్టుకుంది. రెక్కలున్నవన్నీ చచ్చిపోయాయి, నా కళ్లతో చూశాను. మరి ఇదేమిటి?

కత్తితో పై అట్ట కోశాను. లోపల అంతస్తులు అంతస్తులుగా గళ్లు. ప్రతి గడిలోనూ తల కిందికి వేలాడుతూ ఒక తెల్లటి పిల్ల పురుగు. కళ్లు లేవు, కాళ్లు లేవు, ముఖానికి చిన్న గోధుమరంగు కొడవలి దవడలు. అన్నీ కలిసి ఆ దవడలతో గడి గోడలను గీకుతున్నాయి. ఆగి, మళ్లీ గీకుతున్నాయి. తిండి తెచ్చేవాళ్లను పిలుస్తున్నాయి. తిండి తెచ్చేవాళ్లు రెండు చాటల్లో బయట ఉన్నారు.

"ఆకలికా?" అంది ఆమె.

"అవ్. నిన్న పొద్దటి సంది తిండి పెట్టెటోళ్ళు లేరు."

ఆమె వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. చాలాసేపు విన్నది. ఎన్నాళ్లుగానో గోడకు చెవి పెట్టి వింటున్న గొంతు ఇదా అన్నట్టు చూస్తూ ఉంది. నేను సబ్బునీళ్ల బకెట్ తెచ్చాను. వాటిని అలా వదిలేయకూడదు, రోజుల తరబడి గీకుతూ చస్తాయి. ఒక్కో అంతస్తూ విడదీసి నీళ్లలో ముంచుతున్నాను. ముంచిన కొద్దీ చప్పుడు తగ్గుతోంది.

"అన్నా" అంది, బకెట్ వైపే చూస్తూ. "దవాఖానల ఆయన నేనే అంటుంటే నువ్వెందుకు ఊకున్నవ్?"

నా చేయి నీళ్లలోనే ఆగిపోయింది.

"నేను పక్క మంచం మీద మెలకువతోనే ఉన్న. సంచి ఇచ్చింది నేను. కుక్కింది నువ్వు. నేను గూడ కండ్లు మూస్కొని ఊకున్న. నేనెందుకు ఊకున్ననో నాకు తెలుసు. నువ్వెందుకు ఊకున్నవో చెప్పు."

భయమేసింది అక్కా, అన్నాను. ఉద్యోగం పోతదని. ఇంట్లో చెప్పాల్సి వస్తదని. ఆరోజు తలుపు దగ్గర నిలబడిపోయింది కూడా బయటికి వస్తదని. ఒక్కొక్కటే చెప్పాను. చివరి అంతస్తు నీళ్లలో మునిగింది. మేమిద్దరం ఇంకా వింటూ కూర్చున్నాం. ఇల్లు పూర్తిగా ఊరుకుంది. ఆ నిశ్శబ్దం హోరు కంటే బరువుగా అనిపించింది నాకు. ఆమెకు ఇంకెలా అనిపించిందో నేను అడగలేదు.

ఆ వంటింట్లోంచే మేనేజరుకు ఫోన్ చేశాను. సంచి నేనే కుక్కాననీ, అన్న వద్దని చెప్పి వెళ్లాడనీ, సూటు వేసుకుని కూడా నేను లోపలికి వెళ్లలేదనీ చెప్పాను. "రేపు ఆఫీసుకు రా" అన్నాడు. వెళ్లాను. చాలాసేపు నిలబెట్టి తిట్టాడు. నన్ను జోడీ పనుల్లోంచి తీసేసి పునాదుల్లో చెదల మందుకు వేశాడు, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. అన్నను మాత్రం ఇంటికి పంపలేదు, స్టోరులో కూర్చోబెట్టాడు. అది నా ఫోన్ వల్లేనని అనుకుని నేను లోలోపల కొంచెం తృప్తి పడ్డాను కూడా.

పది రోజుల తర్వాత బాలాపూర్ వెళ్లాను. అన్న వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. వాపు తగ్గింది, గొంతు ఇంకా బొంగురుగా ఉంది. నేను కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"ఫోన్ చేసినవంట గదా. ఎవరు చెయ్యమన్నరు నిన్ను?"

"నా కోసం నువ్వు నింద మీదేస్కుంటే నేనెట్ల ఊకుంట అన్నా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చిన్నగా నవ్వు వచ్చింది ఆయనకు, వాచిన పెదవి లాగినట్టయి ఆపుకున్నాడు.

"నీ కోసమని ఎవరన్నరు? నువ్వు కుక్కినవని తెలిస్తే ఎందుకు కుక్కినవని అడుగుతరు. సంచి ఎవరిచ్చిన్రంటరు. తలుపు ఎందుకు తీసిందంటరు. ఆమె ఆ గోడ ముందల నిలవడి ఎవరితోని మాట్లాడిందో పదిమందికి తెలుస్తది. ఇప్పటికే ఊరు ఒక తీరు చూస్తున్నది ఆమెను." ఆయన కొంచెం ముందుకు వంగాడు. "ఆ ముచ్చట చెప్పినవా మేనేజరుకు?"

"లేదన్నా. నా తప్పు కాడికే చెప్పిన."

"సంచి ముచ్చట?"

"వ్యానుల ఉండె అని చెప్పిన."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. లోపలికి తల తిప్పి, తమ్ముడు వచ్చిండు, టీ పెట్టు అని ఇంట్లోకి చెప్పాడు. నేను అప్పుడు కూర్చున్నాను.